పెట్టుడు రెప్పలకు వచ్చిన మెడల్

దేవుడు ఆడవాళ్ళకిచ్చిన కళ్ళలో ఒక లోపం ఉంది. ఆ లోపాన్ని మద్రాసులో ఒక విగ్గుల దుకాణంవాడు సరిదిద్దాడు. ఈ మాట ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

ఏమిటా లోపం అంటారా? రెప్పవెంట్రుకలు మరీ పొట్టి! వెనక బెంచీలో కూర్చున్నవాడికి కనిపించవు. కనిపించని రెప్పను ఎంత ఆర్చి ఏం లాభం? ఆడది ఏడుస్తోందో, కునుకుతోందో, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెబుతోందో మగవాడికి తెలిసేదెట్లా? అందుకే పెట్టుడు రెప్పలు పుట్టాయి. పెట్టుడు పళ్ళు నమలడానికి, పెట్టుడు మీసాలు బెదిరించడానికి, పెట్టుడు రెప్పలు స్త్రీజాతిని ఉద్ధరించడానికీను.

నమ్మకం కుదరకపోతే బందరు రండి. ఈడేపల్లిలో పూర్ణచంద్రరావు గారి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పగలు ఆయన ఒక వకీలు గారి దగ్గర గుమాస్తా. నాటకం ఉన్న రోజున బందరుకంతటికీ నాయిక. స్టేజీ మీద ఆయన రెప్ప వాల్చాడంటే, దివిసీమ నుంచి రేవు దాటి వచ్చిన మోతుబరి రైతులు కూడా పైపంచెలతో కళ్ళొత్తుకునేవారు. కూతుర్ని కాపరానికి పంపే తండ్రులు ముందుగా ఆయన నాటకానికి తీసుకొచ్చి, "చూసి నేర్చుకో" అని ముందు వరసలో కూర్చోబెట్టేవారు!

ఇంత ఆడతనం ఇంట్లోనే ఉన్నా, ఆయన భార్య సులోచనకు మాత్రం ఒక్క పిసరు కూడా అంటలేదు.

"ఆ నడకేమిటే, మగాడిలా?" అనేవాడాయన, చేతికున్న గాజులు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టుకుంటూ.

సులోచన చేతిలో నీళ్ళ బిందె ఉండేది. బిందె మోసే మనిషి ఎట్లా నడవాలో ఏ నాటకంలోనూ రాయలేదు కనక ఆవిడ తన నడకే నడిచేది.

ఆ రెప్పల వైభవం కొంచెం చెప్పాలి. మఖమల్ గుడ్డ పరిచిన ఒక తగరపు డబ్బాలో అవి పడుకునేవి. సన్నని పట్టుదారం మీద వెంట్రుకలు వరసగా కట్టి, రెండు చిన్న దువ్వెనల్లా ఉండేవి. వాటిని పెట్టడమంటే మాటలా? దారానికి జిగురు రాయాలి. అది కాస్త ఆరేదాకా ఊదాలి. కంసాలి దగ్గర తెచ్చిన శ్రావణంతో, అంటే సన్నని పట్టకారుతో, ఎత్తి, కన్ను మూసుకున్న మనిషికి రెప్ప అంచు వెంబడి ఆనించి, రెండు కొసలూ వేలితో అదమాలి. అంతసేపూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు, తలుపు వెయ్యకూడదు. మిరపకాయ ఘాటుకు అయ్యగారి కళ్ళల్లో నీళ్ళొస్తే జిగురు జారిపోతుంది కనక నాటకం రోజున ఆ ఇంట్లో పోపు వెయ్యరు. కళ కోసం చప్పటి పప్పు తినలేనివాళ్ళు మన దేశంలో ఉన్నారా?

ఇదంతా సులోచనే చేసేది. ఇంకో పని కూడా చేసేది, కాని అది లెక్కలోకి రాదు. పూర్ణచంద్రరావు గారికి పద్యాలు నోటికి నిలిచేవి కావు. పుస్తకం పట్టుకుని ఆవిడ చదివేది, ఆయన వల్లించేవాడు. రాగం తప్పితే ఆవిడ సరిచేసేది, ఆయన విసుక్కునేవాడు. పుట్టింట్లో మేనత్త దగ్గర విని పట్టుకున్న రాగాలు ఆవిడకు చాలానే ఉండేవి. 'మంజరీ విలాపం' నాటకంలో, ఓడెక్కి వెళ్ళిన మొగుడి కోసం మంజరి రేవులో నిలబడి పాడే పద్యం ఉంది. దాని వరస ఆవిడదే. పప్పు రుబ్బుతూ కట్టింది.

ఆ పద్యానికి ప్రతిసారీ జనం "వన్స్ మోర్" అని లేచేవారు. మన దేశపు నాటకాల మర్యాద మీకు తెలుసుగా? వన్స్ మోర్ అంటే పాడి తీరాలి. చచ్చి పడున్న పాత్రయినా సరే, లేచి కూర్చుని పాడి, మళ్ళీ చావాలి. ఆడవాళ్ళ కోసం కట్టిన వెదురు పుల్లల తెర వెనక కూర్చుని సులోచన ఆ కేకలు వినేది. ఆ వరస తనదని ఒక్కసారి, ఒక్కరికైనా తెలిస్తే బాగుండునని అనుకునేది. అంతకుమించి ఆవిడ కోరిందేమీ లేదు.

ఇలా ఉండగా గుడివాడలో నాటక పోటీలు వచ్చిపడ్డాయి.

పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా, కొత్త విగ్గుతో సరిచూసుకుందామని పూర్ణచంద్రరావు గారు ఇంట్లోనే రెప్పలు పెట్టుకోబోయారు. మద్రాసు జిగురు సీసాలో ఎండిపోయింది. వేరే మనిషయితే ఆగేవాడు. ఈయన గుమాస్తా! వకీలు గారి ఆఫీసులో స్టాంపులు అంటించే జిగురు ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

"వద్దండీ, అది కళ్ళకి పెట్టేది కాదు" అంది సులోచన.

"హైకోర్టు దాకా వెళ్ళినా ఊడని జిగురే ఇది! నీకేం తెలుసు?"

నిజంగానే ఊడలేదు. పై రెప్ప, కింది రెప్ప కలిసి దస్తావేజు మీద స్టాంపులా అతుక్కుపోయాయి. మర్నాటిదాకా గోరువెచ్చని ఆముదం పోసి నాననిస్తే, పెట్టుడు రెప్పలు క్షేమంగా ఊడి వచ్చాయి. వాటి వెంట ఆయన సొంత రెప్పవెంట్రుకలూ వచ్చేశాయి. కళ్ళు వాచి బొప్పాయి ముక్కల్లా అయ్యాయి. చూడండి, ఇంత ప్రమాదంలోనూ పెట్టుడు రెప్పలకు ఒక్క వెంట్రుక నష్టం లేదు. దేవుడిచ్చిన సరుక్కీ, దుకాణంలో సరుక్కీ తేడా ఇప్పుడైనా తెలిసిందా?

నాటక సమాజం సెక్రటరీ నాంచారయ్య గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. అరుగు మీద కూలబడి, "కొంప మునిగింది బావా! మంజరి ఎవరు?" అన్నారు.

వంటింటి గుమ్మం దగ్గర నుంచి సులోచన అంది: "నేను వేస్తానన్నయ్యగారూ. పద్యాలన్నీ నాకొచ్చు."

కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్న పూర్ణచంద్రరావు గారు లేచి కూర్చున్నారు.

"నువ్వా? ఆడవేషానికి నువ్వేం పనికొస్తావే?"

"అదేంటండీ..."

"నీ నడకేదీ, నీ చూపేదీ? జనం నమ్మొద్దూ!"

నాంచారయ్య గారు కాస్త మెత్తని మనిషి. "అది కాదు చెల్లెమ్మా, గృహస్థు ఇంటి ఆడది స్టేజీ ఎక్కితే రేపు మేమంతా తలెత్తుకు తిరగగలమా?" అన్నారు. ఆడవేషం కట్టిన గృహస్థులు మాత్రం తలెత్తుకునే తిరుగుతారు. విగ్గు బరువుకు మెడ కాస్త వంగుతుందేమో, అంతే.

ఆలోచించి, చించి, చివరికి మంజరిని నిర్ణయించారు. శివరామయ్య గారు! తాలూకా కచ్చేరీలో పనిచేసి రిటైరైనవారు, ఎప్పుడూ దుర్వాస మహర్షిలాంటి వేషాలు వేసేవారు. పొట్ట ఉంది. గొంతు బొంగురు. పద్యం రాదు. అయితేనేం, మగవారు! రెప్పలు పెడితే మిగతాది రెప్పలే చూసుకుంటాయి.

బందరులో రైలెక్కగానే ఆయన రేవు పద్యం బట్టీ పట్టడం మొదలెట్టారు. గుడ్లవల్లేరు వచ్చేసరికి పుస్తకం మూసేసి, మరమరాల పొట్లం విప్పారు. "నా వల్ల కాదోయ్ నాంచారయ్యా. నేను పెదవులాడిస్తాను, వెనకనించి ఎవరైనా పాడండి."

అప్పుడు అందరి చూపూ ఆడవాళ్ళ పెట్టె వైపు తిరిగింది. మొగుడి కళ్ళల్లో మందు వెయ్యడానికి సులోచన కూడా వస్తోంది కదా! గృహస్థు ఇంటి ఆడది స్టేజీ ఎక్కితే పరువు పోతుంది గాని, ఆమె గొంతు ఎక్కితే ఏం పోతుంది? గొంతుకు ఇంటిపేరుందా, గోత్రముందా? నాంచారయ్య గారు ఇంత చక్కని ధర్మసూక్ష్మం రైలు కూతకీ కూతకీ మధ్య కనిపెట్టారు.

పోటీ నాటకాలు కనక పగటిపూటే మొదలెట్టారు. స్టేజీ పక్కన దుప్పటి కట్టి, దాని వెనక సామాన్ల పెట్టె మీద సులోచనను కూర్చోబెట్టారు. అంతకుముందు శివరామయ్య గారికి రెప్పలు పెట్టింది కూడా ఆవిడే. ఈసారి జిగురు మంచిదే దొరికింది. ఆయన కళ్ళు మూసుకుని, "సులోచనమ్మా, నేను బాగున్నానా?" అని అడిగారు.

"మా ఆయన కంటే బాగున్నారండీ" అందావిడ. అబద్ధం కాదు.

రేవు పద్యం వచ్చింది. సులోచన దుప్పటి మీద చూపు నిలిపి గొంతెత్తింది. ఇంట్లో పప్పు రుబ్బుతూ, పొయ్యి ఊదుతూ, ఎవరూ వినకుండా అణిచి పాడిన వరసను ఆ రోజు పూర్తిగా వదిలింది. దుప్పటికి అవతల పందిరంతా వేరుశనక్కాయలు ఒలవడం మానేసి ముందుకు వంగింది. పాడుతున్నంతసేపూ ఆవిడకు తను ఎక్కడ కూర్చుందో గుర్తు లేదు. జీవితంలో అంత సంతోషం ఆవిడ ఎరగదు.

పద్యం అయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" పందిరి రాటలు ఊగాయి. శివరామయ్య గారు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి, ఈ పక్కకొకటి, ఆ పక్కకొకటి నమస్కారాలు పెట్టారు.

నాంచారయ్య గారు దుప్పటి వెనక్కి పరుగున వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూశావా చెల్లెమ్మా? రెప్పలు అదరగొట్టేశాయి!"

సులోచన ఆయన వంక చూసింది. తర్వాత పక్కనున్న మరచెంబు తీసి, మూత తిప్పి, నిదానంగా మంచినీళ్ళు తాగింది.

"కానీ, కానీ! వన్స్ మోరంటున్నారు, పాడమ్మా!"

"ఎవర్ని అడుగుతున్నారన్నయ్యగారూ?"

"ఎవర్నేమిటి? మంజరిని!"

"అయితే ఆవిణ్ణే పాడమనండి."

స్టేజీ మీద శివరామయ్య గారు చేతులు చాచి, పెదవులు విప్పి సిద్ధంగా ఉన్నారు. గొంతు రాలేదు. పెదవులు మూసి మళ్ళీ విప్పారు. రాలేదు. దుప్పటి వైపు చూశారు, జనం వైపు చూశారు. చెమటలు పట్టి, ఏం చెయ్యాలో తోచక రెప్పలు టపటపా కొట్టడం మొదలెట్టారు. నోరు తెరవడం, రెప్పలు కొట్టడం, నోరు తెరవడం, రెప్పలు కొట్టడం. ఎడమవైపు రెప్ప కాస్త ఊడి చెంప మీద వేలాడింది.

ఇప్పుడు బండారం బయటపడుతుందనే మీరూ అనుకున్నారు కదూ? గుడివాడ జనాన్నీ, పెట్టుడు రెప్పల్నీ మీరు తక్కువ అంచనా వేశారు. ముందు వరసలో ఒకాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత పందిరంతా ఏడ్చింది. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన లేచి, "మొదటిసారి గొంతుతో పాడాడు, రెండోసారి రెప్పలతో పాడాడు! మాట పెగలని స్త్రీ దుఃఖాన్ని ఇంత నిజంగా ఏ స్త్రీ చూపించగలదు?" అని వెండి మెడల్ ప్రకటించారు.

దుప్పటి వెనక సులోచన చేతిలో మరచెంబు అలాగే ఉండిపోయింది. పాడితే ఆయన పాడాడన్నారు. పాడకపోతే ఇంకా బాగా పాడాడన్నారు. ఇంక చెయ్యడానికి ఏం మిగిలింది?

తిరుగు రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో పక్కింటి ప్రభావతి టీచరు ఎదురయింది. మిషన్ బడిలో పాఠాలు చెబుతుంది, సులోచన వాళ్ళ ఇంటి గోడకవతలే ఉంటుంది. ఆవిడా నాటకానికి వచ్చింది.

"అక్కయ్యా, ఆ గొంతు రోజూ మా గోడ మీంచి వినేదే" అని సులోచన చెయ్యి పట్టుకుంది. "రెండోసారి మీరు మానేసింది కూడా నాకు తెలిసింది. మంచి పని చేశారు."

సులోచనకు ఒక్కసారి ఏడుపు ముంచుకొచ్చింది. గుడ్లవల్లేరు దాటేదాకా ఏడుస్తూనే ఉంది. సొంత రెప్పలు కనక ఆ పెట్టెలో ఇంకెవరికీ కనపడలేదు.

బందరులో మెడల్ పంచాయతీ లేచింది. పెట్టుకున్నది నేను కనక నాదన్నారు శివరామయ్య గారు. రెప్పలు నావి కనక నాదన్నారు పూర్ణచంద్రరావు గారు, వెంట్రుకల్లేని కళ్ళు మిటకరిస్తూ. కమిటీ కూర్చుని టీలు తాగి, వాదించి, అసలు గెలిచింది రెప్పలే కనక మెడల్ రెప్పలకే చెందుతుందనీ, డబ్బాలో వాటి పక్కనే ఉండాలనీ తీర్మానించింది. మా వాదనంతా అదేగా! ఇంత న్యాయమైన తీర్పు ఈ మధ్య బందరులో విన్నామా?

సులోచన ఆ తీర్పును తల వంచి గౌరవించింది. మంచి బూడిదగుమ్మడికాయ ఒకటి చూసి, బొట్టు పెట్టి, కాటుకతో కళ్ళు దిద్దింది. ఇంటికి దిష్టి తగలకుండా అందరూ కట్టుకునేదే. ఆ కళ్ళకు పెట్టుడు రెప్పలు శ్రావణంతో ఎత్తి పెట్టి, కొసలు అదిమింది. స్టాంపుల జిగురుతోనే. మెడల్ కూడా దానికే తగిలించి, వీధి వసారాలో వేలాడదీసింది. ఆ పూట వంటింట్లో ఎండుమిరపకాయలు వేసి, ఇల్లంతా ఘుమాయించేట్టు పోపు పెట్టింది.

తర్వాతి నాటకం సంగతి మాట్లాడదామని నాంచారయ్య గారు వచ్చారు. వసారాలో తలెత్తి చూసి, అక్కడే నిలబడిపోయారు.

లోపలినుంచి సులోచన గొంతు వినిపించింది. "మంజరి సిద్ధంగా ఉందన్నయ్యగారూ. నడక గురించి బెంగ లేదు, మోసుకుపోవచ్చు. పద్యాలు మాత్రం మీరే నేర్పుకోవాలి."

చదువరులారా, అప్పటినుంచీ బందరులో 'మంజరీ విలాపం' ఆడలేదు. ఎందుకని కమిటీవారిని అడగండి. ఆడవేషానికి కావలసిన సరంజామా అంతా ఉందంటారు. విగ్గుంది, గాజులున్నాయి, రెప్పలున్నాయి, మెడల్ కూడా ఉంది. ఏదో ఒకటి తక్కువవుతోందట. అదేమిటో ఎంత ఆలోచించినా తట్టడం లేదట, మద్రాసులో దుకాణానికి రాసి కనుక్కుంటారట!