దాచని తుపాకి

సోమవారం పొద్దున పోశన్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మోటారు గది ఊడ్చాలి, ఖర్జూర చెట్లకు నీళ్ళు పెట్టాలి, తర్వాత అట్టపెట్టెకు తాడు కట్టుకోవాలి. గురువారం సాయంత్రం బొంబాయి ఫ్లైటు. నాలుగేళ్ళ తర్వాత ఇంటికి పోవడం. ఇంతకుముందు రెండుసార్లు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఏదో ఒక పని చెప్పి సెలవు ఆపేశాడు. ఈసారి పెళ్ళాం భీమవ్వ ఉత్తరంలో ఒక్కటే ముక్క రాయించింది: "ఈపారి నువ్వు రాకుంటె నేనే దుబాయొస్త. అప్పుడు నీ కఫీలు సంగతి సూస్త, నీ సంగతి గూడ సూస్త." పోశన్న ఉండేది బహ్రెయిన్‌లో. కానీ జగిత్యాల పక్క పల్లెల్లో సముద్రం దాటితే అంతా దుబాయే.

ప్లాను మొదటి పని దగ్గరే చెడింది. మోటారు గదిలో పాత గోనెసంచుల వెనక, గోడ సందులో, నూనె గుడ్డ చుట్టిన మూట ఒకటి కనబడింది. పానా అనుకుని విప్పాడు. పానా కాదు. నల్లగా, బరువుగా ఉంది. మళ్ళీ చుట్టేసి, సంచులు కప్పి, బయటికొచ్చి ఒక చెట్టుకు నీళ్ళు పెట్టి, లోపలికెళ్ళి మళ్ళీ చూశాడు. ఇంకా తుపాకే.

బుదైయాలోని ఆ తోటకీ, అందులోని విల్లాకీ కలిపి పనివాళ్ళు ముగ్గురు. తోటపని పోశన్నది. కారు నడిపేది అమలాపురం దగ్గర్నుంచి వచ్చిన సోమరాజు. వంట అతని భార్య వీరవేణిది. కఫీల్ ఎండలకు తట్టుకోలేక కుటుంబంతో లండన్ వెళ్ళాడు. బుధవారం రాత్రి వస్తాడు, వచ్చి పోశన్న పాస్‌పోర్టు చేతికిస్తాడు. ఈలోగా ఏ గొడవా రాకూడదు. పోలీసు కేసు పడిందంటే ప్రయాణం ఖలాస్.

సోమరాజు కారు కడగడం ఆపి తుపాకీని దూరం నుంచే చూశాడు. ముగ్గురిలో పేపరు చదివేది అతనొక్కడే. కాబట్టి చట్టాలన్నీ అతని శాఖ.

"ఇది నీది కాదు కదా?"

"నాదెందుకైతది సోమన్నా! నాకున్నది మట్టలు కోసే కత్తొక్కటే. కఫీల్‌ది కావచ్చు. ఆయనొచ్చినంక అడుగుదామా?"

"చచ్చినా అడక్కు. ఆయనది కాదన్నాడనుకో, నీదైపోద్ది. ఆయనదే అన్నాడనుకో, నువ్వెందుకు ముట్టుకున్నావంటాడు. రెండిట్లో ఏదైనా పాస్‌పోర్టు మాత్రం ఆయన దగ్గరే ఉంటాది."

"మల్ల ఆడ్నే పెట్టొస్త."

"దానిమీద నీ వేలిముద్రలు పడిపోయాయి. నువ్వు వచ్చిన కొత్తలో పది వేళ్ళూ అద్ది సర్కారుకిచ్చొచ్చావు కూడాను."

పోశన్న తన పది వేళ్ళ వంక అనుమానంగా చూసుకున్నాడు. సముద్రంలో పారేద్దామంటే, ఎవరైనా చూస్తే ఆయుధం మాయం చేసిన కేసవుతుందన్నాడు సోమరాజు. ఇక మిగిలింది ఒక్కటే.

"సర్కారుకే అప్పజెప్త. దొరికిందని జెప్త. తప్పేమున్నది?"

"అదే రైటు. కానీ ఎలా పట్టుకెళ్తావ్? సర్కారు బిల్డింగులోకి ఆయుధం దాచి తీసుకెళ్తే జైలు. పేపర్లో పెద్దచ్చరాలతో వేశాడు. జేబులో పెట్టినా దాచినట్టే, సంచీలో పెట్టినా దాచినట్టే."

"అయితె చేతిల వట్టుకొనే పోత."

"పో. చేతిలో తుపాకీతో సర్కారు ఆఫీసు మెట్లెక్కు. రెండో మెట్టు మీదే కాల్చేస్తారు."

పోశన్న బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. దాస్తే జైలు, చూపిస్తే తూటా. చట్టం రాసినాయన నిజాయితీపరుడికి దారి పెట్టడం మర్చిపోయినట్టున్నాడు.

వంటింటి కిటికీలోంచి ఇదంతా వింటూ చేప తోముతున్న వీరవేణి బయటికొచ్చింది. "దాయకూడదు, చేత్తో పట్టుకోకూడదు. అంతేగా? దీనికింత మీటింగేంటండీ?" అని మొగుణ్ణి కసిరి, కోల్డ్‌స్టోరు కొట్టు నుంచి చేపలు తెచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవరు కడిగి, దులిపి, పోశన్నకిచ్చింది. నీళ్ళలా తెల్లగా, అటువైపున్న చెట్టు ఆకులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

"ఇందులో వేసుకెళ్ళు అన్నయ్యా. అందరికీ కనపడుద్ది, చేతిలో ఉండదు. ఇంకే చట్టం ఏమంటాదో నేనూ చూస్తాను."

సోమరాజు ఆ ఆలోచనలో తప్పు వెతకడానికి రెండు నిమిషాలు నిజాయితీగా ప్రయత్నించాడు. దొరకలేదు. అయితే కారులో దింపమంటే మాత్రం ఒప్పుకోలేదు. "నేనూ వస్తే ఇద్దరమవుతాం. ఇద్దరైతే ముఠా అంటారు. నువ్వు బస్సెక్కు."

బస్సులో పోశన్న కవరు ఒళ్ళో పెట్టుకుని, ఎవరికైనా కనబడకపోతే దాచినట్టవుతుందని అప్పుడప్పుడూ కాస్త పైకెత్తి పట్టుకున్నాడు. పక్కసీటు ముసలాయన చూసి నవ్వాడు.

"పిల్లాడికా?" అన్నాడు హిందీలో.

"కాదు చాచా, దొరికింది."

"అదృష్టవంతుడివి," అని ముసలాయన నిద్రపోయాడు.

పోశన్నకు తెలిసిన సర్కారు ఆఫీసు ఒక్కటే. వచ్చిన కొత్తలో వేలిముద్రలు వేసిన మనామాలోని మూడంతస్తుల బిల్డింగు. అక్కడ యూనిఫారాలవాళ్ళు ఉంటారు కాబట్టి అదే సరైన చోటని నిశ్చయించుకున్నాడు. గుమ్మం పక్కన బోర్డు మీద తుపాకి బొమ్మ, దానిమీద ఎర్రగీత. గార్డు బలూచీ మనిషి, ఆరడుగులు. పోశన్నను ఆపి జేబులు తడిమాడు. ఎడమ జేబులోంచి మట్టలు కోసే కత్తి బయటికొచ్చింది. పొద్దున తోటలో దోపుకుని మర్చిపోయినది.

"యే క్యా హై?" గార్డు కళ్ళు పెద్దవయ్యాయి. "ఆయుధం! సర్కారు ఆఫీసులోకి దాచి తెస్తావా? చట్టం తెలుసా నీకు?"

"మర్శిపోయిన సాబ్. నేను తెచ్చింది గది కాదు, గిది." పోశన్న కవరు ఎత్తి చూపించాడు. గార్డుకు అర్థం కాలేదేమోనని బోర్డు మీది బొమ్మను చూపించి, మళ్ళీ కవరును చూపించాడు. "సేమ్ సేమ్. పిస్తోల్."

గార్డు పకపకా నవ్వాడు. "బాగుంది భాయ్. సూక్ బజారులో ఎంతకిచ్చాడు?" అని అడిగి, జవాబు వినకుండా కత్తిని స్వాధీనం చేసుకుని, రిజిస్టరులో రాసుకుని, నలభయ్యొకటో నంబరు ఇత్తడి టోకెను పోశన్న చేతిలో పెట్టాడు. "పోయేటప్పుడు మాట్లాడదాం. యల్లా, లోపలికి."

పోశన్న తుపాకీతో లోపలికెళ్ళాడు. ఎక్కడో ఏదో తిరగబడిందని తెలుస్తోంది కానీ, ఏది తిరగబడిందో తెలియడం లేదు.

దొరికిన వస్తువుల కౌంటరులో ఒకావిడ కూర్చుని ఉంది. "ఏం దొరికింది?" అంది, తలెత్తకుండా. "పిస్తోల్," అన్నాడు పోశన్న. ఆమె "పిస్టల్, ఒకటి" అని అరబీలో రాసుకుని, అప్పుడు తలెత్తి చూసి, చిన్నగా నవ్వి, ఫారం చేతికిచ్చింది. "వస్తువు జిరాక్సు రెండు కాపీలు జతచెయ్యి. పై అంతస్తులో కెప్టెన్ సంతకం తీసుకో."

వరండా చివర జిరాక్సు మిషను దగ్గరున్నతను తెలుగువాడే. పేరు ముత్తన్న, ఊరు కోరుట్ల. పోశన్నకు దేవుడు కనబడినట్టయింది.

"అన్నా, గిది నిజమైంది. ఎవ్వలు నమ్ముతలేరు."

"నిజమైందాన్ని కవర్ల వెట్టుకొని తిర్గుతరానే?" ముత్తన్న తుపాకీని అద్దం మీద బోర్లా పెట్టి, పైనుంచి మూత నొక్కాడు. మూత పడలేదు. "బరువున్నదిరా బై. రెండు దిక్కుల కొట్టాల్నా, ఒక్క దిక్కే సాలా?"

"నీకు దండం వెడ్త, గొట్టం నాదిక్కు వెట్టకు!"

"ఏడ కొన్నవో జెప్తలేవు గని. మా పోరడు గుడ గిసొంటిదే అడుగుతుండు." ఆకుపచ్చ వెలుగు అటు నుంచి ఇటు పాకింది. మిషనులోంచి వచ్చిన కాపీలు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఒకదానిమీద తుపాకీతోపాటు ముత్తన్న బొటనవేలు కూడా పడింది.

పైన కెప్టెన్ గదిలో ఉక్కపోత. ఏసీ రెండు వారాలుగా వేడిగాలి కొడుతోంది. కొత్తదానికి పెట్టిన అర్జీ ఇంకా ఏ బల్ల మీదో ఉంది. కెప్టెన్ ఫారం మీద "పరిశీలించాను" అని సంతకం చేసేసి, ఆ తర్వాత తుపాకీని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి మెచ్చుకున్నాడు.

"ఈ చైనావాళ్ళు బరువు కూడా పెడుతున్నారు చూడు," అన్నాడు ఫైళ్ళు తెచ్చిన గుమాస్తాతో. "ముందు ఈ ఏసీని కాల్చిపారేస్తే పీడ పోతుంది."

"సాబ్, వద్దు..." అన్నాడు పోశన్న.

ఢాం!

ఏసీ ఒకసారి దగ్గి ఆగిపోయింది. పైనుంచి సున్నం రాలి కెప్టెన్ టోపీ తెల్లబడింది. గుమాస్తా బల్ల కింద ఉన్నాడు. పోశన్న కూడా బల్ల కిందే ఉన్నాడు కానీ, తను ఎప్పుడు అక్కడికి చేరాడో తెలియదు. మెట్లమీద బూట్ల చప్పుడు, తలుపు ధడాలున తెరుచుకుంది. గార్డు లోపలికి దూకాడు. అతని చేతిలో పోశన్న కత్తి.

"ఎవరు కాల్చింది?"

అందరూ పోశన్న వంక చూశారు. పోశన్న కెప్టెన్ చేతి వంక చూశాడు. అందరూ అటు తిరిగారు. కెప్టెన్ మెల్లగా తుపాకీని బల్లమీద పెట్టి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు కొంచెం అవతలికి జరిపాడు.

"వీడిమీద కేసు రాయండి," అన్నాడు గొంతు సర్దుకుని. "సర్కారు ఆఫీసులోకి ఆయుధం దాచి తెచ్చాడు."

పోశన్నకు గురువారం, బొంబాయి, భీమవ్వ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరిగి చీకట్లో కలిసిపోయాయి.

"ఎక్కడ దాచాడు?" అన్నాడు కెప్టెన్ గార్డుతో.

"దాచలేదు సార్. కవర్లో ఉంది."

"కవరు విప్పి చూశావా?"

"విప్పక్కర్లేదు సార్. బయటికే కనబడుతోంది."

"కనబడితే ఎందుకు వదిలావు?"

"కనబడింది కాబట్టే వదిలాను సార్. నిజమైనదైతే దాచుకునేవాడు కదా."

ఈలోగా పైకొచ్చిన కౌంటరావిడ తన రిజిస్టరు తెరిచి చూపించింది. "వచ్చి పిస్టలనే చెప్పాడు సార్. నేనూ పిస్టలనే రాశాను. మీరు పరిశీలించానని సంతకం కూడా పెట్టారు."

కెప్టెన్ రిజిస్టరు చదివాడు. ఫారం చదివాడు. జిరాక్సు కాపీలు చూశాడు. తెచ్చినవాడు దాచలేదు, అబద్ధమాడలేదు, అడిగిన కాగితాలన్నీ జతచేశాడు. ఆ బిల్డింగులో ఆ పూట చట్టం తప్పింది ఒక్కరే, ఆ ఒక్కరి టోపీ మీద ఇంకా సున్నం ఉంది.

"నీ పేరేంటి?" కెప్టెన్ గొంతు హఠాత్తుగా మెత్తబడింది.

"పోశన్న, సాబ్."

"ఎప్పుడైనా ఇంటికి పోయే ఆలోచన ఉందా?"

"గురువారం ఫ్లైటున్నది సాబ్." పోశన్న చేతులు జోడించాడు. "ఇగ పోనియ్యరా సాబ్?"

"పోనివ్వకపోవడమేమిటి! నువ్వు పోవాలి. తప్పకుండా పోవాలి."

అందరికీ టీ తెప్పించారు. పోశన్నకు మొదట ఇచ్చారు. తాగాలో వద్దో తెలియక అతను కప్పు పట్టుకుని కూర్చున్నాడు. కౌంటరావిడ రిజిస్టరులో "పిస్టల్" పక్కన "బొమ్మ" అనే మాట చేర్చింది. అసలు తుపాకీ సొరుగులోకి, సొరుగు తాళంచెవి కెప్టెన్ జేబులోకి వెళ్ళాయి. ఏసీ పాతబడి తనంతట తానే పేలిందని రాశారు. రెండు వారాలుగా కదలని అర్జీ పావుగంటలో మంజూరైంది.

అప్పుడే ఆవిడకు ఇంకో రూలు గుర్తొచ్చింది. పిల్లల బొమ్మలను సర్కారు ఉంచుకోకూడదు, తెచ్చినవాడికే తిరిగి ఇచ్చి సంతకం తీసుకోవాలి. రిజిస్టరులో బొమ్మ ఉంది, బయట బొమ్మ లేదు. కెప్టెన్ తన జేబులోంచి డబ్బులు తీసి గార్డును సూక్‌కి పంపాడు. "ఈ జిరాక్సు పట్టుకెళ్ళు. సరిగ్గా ఇలాగే ఉండాలి."

గార్డు బుద్ధిమంతుడు. ఏడు దుకాణాలు తిరిగి, కాగితంతో పోల్చి పోల్చి, కన్నతల్లి కూడా తేడా చెప్పలేని బొమ్మ ఒకటి పట్టుకొచ్చాడు.

"ఇది నాకెందుకు సాబ్?" అన్నాడు పోశన్న.

"నువ్వు తీసుకున్నట్టు రాసేశాం. తీసుకో. దేశం దాటించు." బొమ్మతోపాటు స్టాంపు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు కెప్టెన్: బొమ్మ పిస్టల్ ఒకటి, యజమానికి అందినది.

గుమ్మం దగ్గర పోశన్న టోకెను చూపించి కత్తి అడిగాడు. గార్డు తల అడ్డంగా ఊపాడు. "అది కుదరదు భాయ్. అది అసలైన ఆయుధం. దాచి తెచ్చావు."

బుధవారం రాత్రి కఫీల్ వచ్చాడు. సామాన్ దింపకముందే మోటారు గదిలోకి ఒక్కడే వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, పోశన్న మొహంలోకి చూశాడు. పోశన్న ఖర్జూర చెట్టు చివర వంక చూశాడు. పాస్‌పోర్టు మాత్రం అడగకుండానే చేతికొచ్చింది.

గురువారం ప్రయాణమప్పుడు వీరవేణి బొమ్మను మళ్ళీ ఆ చేపల కవర్లోనే వేసి ఇచ్చింది. "మొన్న కలిసొచ్చిన కవరు అన్నయ్యా, మార్చకు." సోమరాజు కారులో ఎయిర్‌పోర్టు దాకా దింపాడు. పోశన్న భుజాన అట్టపెట్టె, చేతిలో కవరుతో, దాచినట్టు ఉండకుండా కాస్త పైకెత్తి పట్టుకుని, అద్దాల తలుపు దాటాడు.

ఈల మోగింది. ఎవరో అరిచారు. క్యూలో ఉన్నవాళ్ళంతా నేలమీద పడుకున్నారు. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు తుపాకులు, దాచనివి, పోశన్న వైపు తిరిగాయి.

"బొమ్మ సాబ్! గిది బొమ్మ!" అన్నాడు పోశన్న. సాయం కోసం వెనక్కి తిరిగి చూశాడు. ముఠా అనిపించుకోవడం ఇష్టంలేని సోమరాజు కారు అప్పటికే మలుపు తిరిగింది.

చేతులు పైకెత్తమన్నారు కాబట్టి ఎత్తి, జేబులోని కాగితాన్ని గడ్డంతో చూపించాడు. వాళ్ళు చదివి, ఫోను చేశారు. అవతల కెప్టెన్ "పోశన్న", "పిస్టల్" అన్న రెండు మాటలు వినగానే అరిచిన అరుపు పోశన్న దాకా వినబడింది.

"ఎక్కించండి! బొమ్మ మీరే ఉంచుకోండి, ముందు వాణ్ణి విమానం ఎక్కించండి!"

అలా పోశన్న, ఇత్తడి టోకెను జేబులో వేసుకుని, అందరికంటే ముందు విమానమెక్కాడు.

ఆ వారం సర్కారు రిజిస్టర్లలో పట్టుబడ్డ ఆయుధాలు రెండే: మట్టలు కోసే కత్తి ఒకటి, ప్లాస్టిక్ తుపాకి ఒకటి.