అత్తగారి మెత్తని రబ్బరు

మధ్యాహ్నం బస్సుల కంపెనీ మేనేజరు వచ్చేలోగా తమ షెడ్డులో చేసే వైరింగు పెట్టెల మూతలకు స్పాంజ్ రబ్బరు అంటించేయాలనేది కోడలి పథకం. పెట్టెలోకి చుక్క నీరు దిగకపోతే ఆర్డరు వస్తుంది. దిగిందంటే ఇక షెడ్డుకు తాళమే.

ఉదయం ఆమె షెడ్డులో అడుగుపెట్టేసరికి మూతలన్నిటికీ ఫోమ్ రబ్బరు అంటించి ఉంది. అత్తగారు ఒకప్పుడు కుర్చీలకు దిండ్లు కుట్టినావిడ. ఏ వస్తువునైనా బొటనవేలితో నొక్కి, మెత్తగా ఉంటే మంచిదని తేల్చేస్తారు. ముందురోజు సాయంత్రం స్పాంజ్ రబ్బరు గట్టిగా తగిలేసరికి, కొట్టువాడు కోడలిని మోసం చేశాడని దాన్ని వాపసు పంపి ఫోమ్ తెప్పించారు. అడగలేదు, చెప్పలేదు. పైగా మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నారు!

పేరుకు స్పాంజైనా తను తెచ్చిన రకంలో గాలి బుడగలు దేనికది మూసుకుని నీటిని అడ్డుకుంటాయనీ, ఫోమ్‌లో అన్నీ తెరుచుకునే ఉంటాయనీ కోడలు మొత్తుకుంది.

"ఇది నీళ్లు తాగుతుంది అత్తయ్యా."

"తాగితే మంచిదేగా అమ్మాయ్. అదే తాగేస్తే ఇంక లోపలికి పోడానికి ఏం మిగుల్తాయి?"

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఎవరికి మండదు?

మధ్యలో భర్త దూరాడు. ఫోమ్ నీళ్లు తాగకుండా దానికి పెయింటు పూశాడు. అది ఆరకముందే వాళ్లమ్మ మూతలు బిగించేశారు. మూతలు అతుక్కుపోయాయి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, దగ్గరుండి చూసుకోవద్దా అని తిట్లు మాత్రం కోడలికి!

మేనేజరు వచ్చాడు. బల్లమీద నిలబెట్టిన పెట్టెను పైపుతో బాగా తడిపాడు. మూత లాగితే రాలేదు. భర్త లాగినా రాలేదు. గాలికే దారి లేనిచోట నీళ్లెలా దూరతాయని మేనేజరు మురిసిపోయి, ఆర్డరు మీదేనన్నాడు. అప్పుడు అత్తగారు కోడలివైపు చూసిన చూపు పగవాళ్లకు కూడా వద్దు.

కోడలు నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ తప్పుడు రబ్బరుకు మెప్పు దక్కుతుంటే ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు. స్క్రూడ్రైవరు దూర్చి బలంగా ఎత్తింది. మూత ఊడి, లోపల చేరిన నీళ్లూ, ఫోమ్ తాగిన నీళ్లూ కలిసి మేనేజరు ప్యాంటు మీద పడ్డాయి.

"చూశారా, కారుతోంది. దీనికి స్పాంజ్ రబ్బరే వాడాలి" అంది కోడలు గెలిచినట్టు. భర్త తల పట్టుకున్నాడు.

అత్తగారు మాత్రం మిగిలిన ఫోమ్ ముక్క తెచ్చి మేనేజరు ప్యాంటు మీద, బూట్ల మీద అద్దారు. తడంతా క్షణంలో పీల్చేసింది. అతను చల్లబడ్డాడు. స్పాంజ్ రబ్బరుతో చేసి చూపిస్తే ఆర్డరు వాళ్లకేనని చెప్పి వెళ్లాడు.

"నా రబ్బరే ఆర్డరు నిలబెట్టింది" అన్నారు అత్తగారు, అతను గేటు దాటకముందే.

ఆ మాట కాదనడానికి కోడలికి ఒక్క కారణమూ దొరకలేదు. అసలు కోపం అప్పుడొచ్చింది.