సంపెంగ చందువాలు

ఆ శుక్రవారం హిమబిందుకి ఉన్న పని ఒక్కటే. ఫ్రిజ్‌లో ఉన్న నాలుగు చందువా చేపల్నీ డబ్బాలో సర్దుకుని, మధ్యాహ్నం భీమిలి బస్సెక్కి, కొత్త రిసార్టు యజమాని వీరేంద్ర చేతిలో పెట్టాలి. అవి చేపలు కావు, చేత్తో చేసిన సబ్బులు. వెండి పొలుసులు, నల్లటి కన్ను, సింహాచలం సంపెంగ వాసన. నచ్చితే ప్రతి గదికీ ఆర్డరు. నచ్చకపోతే సోమవారం నుంచి మళ్ళీ ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పుకోవాలని భర్త సందీప్‌తో ఒప్పందం. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది.

ఇన్నాళ్ళూ ఆమె చేసినవన్నీ గులాబీలు, తామరలే. చేప అచ్చు తెచ్చేసరికి కార్తీక మాసం వచ్చిపడింది. అత్తగారు కనకరత్నం ఆ నెలంతా ఇంట్లో చేప పేరు కూడా ఎత్తనివ్వదు. అందుకని హిమబిందు సబ్బుల్ని పాత పేపర్లో చుట్టి, విశాఖ ఉక్కకి చెమటలు పట్టకుండా ఫ్రిజ్‌లో ఆకుకూరల వెనక దాచింది. దొంగచాటుగా చేపలు తెచ్చినవాళ్ళు ఎలా దాస్తారో సరిగ్గా అలాగే దాచింది.

మజ్జిగ కోసం ఫ్రిజ్ తెరిచిన మామగారు శ్రీరామ్మూర్తికి ఆ పొట్లం కనబడింది. పోర్టులో పనిచేసినన్నాళ్ళూ కన్ను చూసి చేప తాజాదో కాదో చెప్పిన మనిషి. విప్పి కన్ను చూశాడు. మెరుస్తోంది. నెల మొదట్నుంచీ గుమ్మడికాయ తింటున్న ఆయన కళ్ళు కూడా మెరిశాయి. కోడలు తన మీద జాలిపడి తెచ్చిందనీ, అత్తకి భయపడి దాచిందనీ తేల్చేసుకుని, పొట్లంతో కింది వాటా ఎల్లారావు దగ్గరికి దిగిపోయాడు.

"నాను కార్తీకం సేత్తన్నాను బావా," అన్నాడు ఎల్లారావు, మూకుడు వెతుక్కుంటూ.

"నానూ సేత్తన్నాను. ముందు కడుగు."

ఎల్లారావు కుళాయి కింద పెట్టాడు. నురగొచ్చింది. ఇంకా కడిగాడు. ఇంకా వచ్చింది.

"ఏటి బావా, కడిగినకొద్దీ నురగొస్తంది?"

"తాజా సేపకి జిగురెక్కువుంటాది. గట్టిగా తోము."

"సంపెంగ వాసనేటి మరి?"

తెలియదని ఒప్పుకోవడం శ్రీరామ్మూర్తి ఇంటావంటా లేదు. "వానలకి సింహాచలం కొండమీద సంపెంగలన్నీ గెడ్డలో పడి సముద్రానికి కొట్టుకొస్తాయి. ఆటిని తిన్న సేపలివి."

ఎల్లారావు నమ్మాడు. ఇద్దరూ ఉప్పూ కారం పట్టించారు. అంటకుండా జారిపోతుంటే ఇంకో గుప్పెడు కారం వేశారు.

పైన ఫ్రిజ్ తెరిచిన హిమబిందు కెవ్వుమంది. "అత్తయ్యా, నా చేపలేవీ?"

వత్తులు చేసుకుంటున్న కనకరత్నం ఉలిక్కిపడింది. "సేపలా? నా ఫ్రిజ్జిలోనా? కార్తీకంలోనా?"

"సబ్బులత్తయ్యా!"

ఆ మాట వినే స్థితిలో ఆవిడ లేదు. చెంబుడు పసుపునీళ్ళు తెచ్చి ఫ్రిజ్ మీద కుమ్మరించింది. ఫ్రిజ్ ఒకసారి మూలిగి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వీరేంద్ర ప్రత్యక్షమయ్యాడు.

"సిటీలో పనుండి వచ్చానండీ. మీకు బస్సెందుకు, శాంపిల్స్ నేనే పట్టుకెళ్తాను."

హిమబిందు గబుక్కున ఫ్రిజ్ తలుపు మూసేసింది. ఇంతలో మెట్ల కిందనుంచి సంపెంగ వాసన గుప్పుమంది. ఆమె పరుగెత్తింది, వెనకే మిగతా ఇద్దరూ. ఎల్లారావు వాటాలోంచి తెల్లటి నురగ వీధిలోకి పాకుతోంది. లోపల పొయ్యిమీద నూనె, పళ్ళెంలో ఎర్రగా కారం ముద్దలో చందువాలు, మోచేతులదాకా నురగతో ఇద్దరు పెద్దమనుషులు.

"మావయ్యా, అవి సబ్బులు!" హిమబిందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శ్రీరామ్మూర్తి తన చేతులకేసి చూసుకున్నాడు. "నాకు తెల్దేటి? సేతులు కడుక్కుంటన్నాం."

"కారమేసుకునా?" అంది కనకరత్నం.

వీరేంద్ర ఒక చందువాని ఎత్తి, తిప్పి చూశాడు. హిమబిందుకి కోచింగ్ సెంటర్ బోర్డు కళ్ళముందు కనబడింది.

"ఈయనకి చేపల సంగతి తెలుసాండీ?" అన్నాడు వీరేంద్ర, శ్రీరామ్మూర్తిని చూపిస్తూ.

"హార్బర్లో ఈయన్ని అడక్కుండా మా వీధిలో ఎవరూ చేప కొనరండీ," అంది హిమబిందు నీరసంగా.

"అలాంటి మనిషి కడిగి, కారం పట్టించి కూడా కనిపెట్టలేదంటే ఇంకేం చూడాలండీ! ప్రతి గదికీ చేసేయండి. వండరాదని మాత్రం చీటీ అంటించండి."

హిమబిందు ఏడుస్తూనే నవ్వేసింది. ఆర్డరు తనవల్లే వచ్చిందని వీధిలో చెప్పుకోవడానికి బయల్దేరిన శ్రీరామ్మూర్తిని కనకరత్నం గుమ్మంలోనే ఆపింది.

"నాను తిన్నేదు కదేటి!" అన్నాడాయన.

"తినాలనుకున్నారు కదా. ముందు తానం సెయ్యండి." కారం పట్టిన చందువాలు నాలుగూ ఆయన చేతుల్లో పెట్టింది. "ఇయ్యన్నీ మీరే అరగదియ్యాల. పారబోత్తామేటి?"

ఆ నెలంతా శ్రీరామ్మూర్తి రోజూ చేపతోనే కార్తీక స్నానం చేశాడు. ఒంటి మంట మాత్రం మార్గశిరం దాకా తగ్గలేదు.