మగ్గాలపేట వంతెన నిషేధం

కంప్యూటర్ ఆటలో కట్టిన మగ్గాలపేట వంతెన మీద పౌరులు నడవరాదని, తప్పనిసరైతే ఈదుకుంటూ దాటవలెనని మా పురపాలక సంఘం తీర్మానించింది. డాన్యూబ్ ఒడ్డునున్న మా బల్గేరియా పట్నంలో ఇంత దూరదృష్టి గల తీర్మానం మునుపెన్నడూ రాలేదు.

అసలు మగ్గాలపేటను ఇరవై ఏళ్ల క్రితం కూల్చింది ఈ సంఘమే. అక్కడి ముసలివాళ్లు గ్రంథాలయంలో కూర్చుని, ఆటలో ఇటుక మీద ఇటుక పేర్చి పేటంతా మళ్లీ కట్టుకున్నారు. కూల్చినవారే ప్రారంభోత్సవానికి తేదీ పెట్టారు. చిక్కల్లా ఒకటే. కొద్ది నిమిషాలకోసారి ఆట పదకొండు సెకన్లు బిగుసుకుపోయేది. కదలిక వచ్చేసరికి వంతెన మీదివాళ్లు నదిలో తేలేవారు. ఒకప్పటి నేత కార్మికుడు పెంకో తాత తొమ్మిదిసార్లు మునిగాడు. వియన్నాలో మంచం పట్టిన ఆయన చెల్లెలు రాయ్నా, ప్రారంభోత్సవం జరిగే శనివారం, మంచం మీంచే ఆటలో ఆ వంతెన దాటి పుట్టింటి గుమ్మం చూడాలని ఆశపడుతోంది.

ఉపమేయరు గ్రుదేవ్ గారు, "మన పట్నానికి జ్ఞాపకాలెక్కువ, మెమరీ తక్కువ" అని ప్రసంగించి మెమరీ రెట్టింపు చేయించారు. ఆట ఇరవై సెకన్లు ఆగింది. మళ్లీ రెట్టింపు చేయించారు. నలభై ఆగింది. పురోగతి కంటికి కనిపిస్తోందని సంఘం హర్షం వెలిబుచ్చింది.

గ్రంథాలయ ఉద్యోగిని వెలిస్లావాకు చదివే అలవాటుంది. అందుచేత ఆటను నడిపే జావా అనే సాఫ్ట్‌వేర్ రాసుకున్న చిట్టా చదివింది. ఆటలో ప్రతి అడుగుకూ కాస్త చెత్త పోగవుతుంది. దాన్ని ఊడ్చేది జావాయే. ఉన్న మెమరీ అంతా దానికే ధారపోయడంతో యంత్రానికి ఊపిరాడక సరుకంతా డిస్కులోకి మోస్తోంది. ఊడ్పు మొదలైతే అది ముగిసేదాకా ఆటంతా నిలబడాల్సిందే. పైగా జావాకు ఎక్కడెక్కడివో ఏరి తెచ్చిన నలభై మూడు ఆదేశాలు తగిలించి ఉన్నాయి. వాటిలో సగం, జావా ఏనాడో పాటించడం మానేసినవి. మొట్టమొదటిది: అర్థం కాని ఆదేశం వస్తే నోరెత్తకుండా పని కానివ్వు. కార్యాలయాల్లో అందరూ పాటించేదే గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

"ఇంకా ఏం కొనాలంటావమ్మాయ్?" అన్నాడు పెంకో తాత.

"ఏమీ కొనొద్దు తాతా. తీసెయ్యాలి."

"తీసేస్తే బాగుపడుద్దంటే ఈ ఊళ్లో ఎవడు నమ్ముతాడు? పేట తీసేసినప్పుడూ అదే చెప్పారు."

ఆమె నలభై ఆదేశాలు తీసేసింది. జావాకిచ్చిన మెమరీని ఐదో వంతుకు కోసింది. చిట్టా చూసి, కాస్త సవరించి, మళ్లీ చూసింది. విరామం రెప్పపాటుకన్నా చిన్నదైంది.

నిషేధం నిషేధంగానే ఉండగా, శనివారం రాయ్నా వంతెన ఎక్కింది. "అన్నయ్యా, మెల్లగా నడువు. చిన్నప్పట్లాగా నన్నొదిలేసి పోకు" అని స్పీకర్లో ఆమె గొంతు వినబడింది. పెంకో తాత మౌస్ మీంచి చెయ్యి తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ రోజు వంతెన మీద ఎవరైనా ఆగారంటే ఆ ఒక్కసారే. చెల్లెలు పక్కన నిలబడి కాచుకుంది.

మెమరీ పెంచినందుకు గ్రుదేవ్ గారికి పతకం లభించింది. ఆట ఎక్కడా ఆగడం లేదు గనుక దాన్ని చూసే మనిషి అనవసరమని తేల్చి, వెలిస్లావాను పుస్తకాలకు అట్టలు వేసే గదికి పంపారు.

మరుసటి వారం మెమరీని నాలుగింతలు చేయాలన్న వినతిపత్రం వచ్చింది. మొదటి సంతకం పెంకో తాతది. "ఎక్కువుంటే నష్టమేంటమ్మా?" అని ఆయన వెలిస్లావానే అడిగాడు. సంతకం చేసినవారికి జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, బనిత్స, వేడి వేడిగా పెడుతున్నారు. వరస పొడుగ్గా ఉన్నా, నేను రెండుసార్లు నిలబడ్డాను.