కూటమి వాలంటీర్లు కావలెను

ఆ గురువారం ఉదయం దేవదానం వేసుకున్న పథకం శానా చిన్నది. అజ్మతుల్లా కొట్టులో ఫ్లెక్సీ తీసుకోవడం, దాన్ని మందిరం ప్రహరీకి కట్టడం, దారిలో ఒక టీ తాగడం, తను పనిచేసే కొట్టు తెరిచే వేళకు బట్టల బజారు చేరుకోవడం. ప్రొద్దుటూరులో ఇంత చిన్న పథకానికి అడ్డం పడేదెవరు? ఎవరూ పడలేదు. అంతా అనుకున్నట్టే జరిగింది, కొంప మునిగింది కూడా అందుకే.

దేవదానం మైదుకూరు రోడ్డు క్రైస్తవ మందిరంలో సంఘ కార్యదర్శి. బతుకుతెరువు చీరల కొట్టులో. "ఊరికే చూసి పోదామని వచ్చినాం" అన్న ఆడవాళ్ళకు కూడా రెండు పట్టుచీరలు అంటగట్టి పంపగల నోరు అతనిది. అంతటి నోరూ మందిరంలో ఒక్క మనిషిని కదిలించలేకపోయింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్ళకు సంఘం తరఫున అన్నం పెడతారు. సంఘం తరఫున అనేది మర్యాదకు చెప్పుకునే మాట. చేసేది ముగ్గురు: దేవదానం, అతని భార్య హేమలత, వంట చేసే వసంతమ్మ. మిగతావాళ్ళు ఆదివారం రెండు చేతులూ పైకెత్తి పాటలు పాడతారు. ఆ చేతుల్లో సాంబారు బకెట్ పెడదామంటే మాత్రం అందరికీ ఒకేసారి నడుము పట్టేస్తుంది. "మీ సేవ గురించి భారంగా ప్రార్థిస్తాండాం బ్రదర్" అంటాడు సంఘ పెద్ద సుందరం. పని తప్పించుకోవడానికి ఇంతకంటే పవిత్రమైన దారి లేదు. ప్రార్థించొద్దు, బకెట్ పట్టుకో అని అనగలిగిన మొనగాడు ఆ సంఘంలో ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు వసంతమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. పాస్టరు జయానందం అయ్యగారు కూడా తేల్చి చెప్పేశారు. "మనుషులు దొరక్కపోతే ఈ శుక్రవారంతో ఆపేద్దాం దేవదానం. ముగ్గురితో ఎన్నాళ్ళని ఈడుస్తాం?"

ఆ మాట దేవదానానికి మింగుడుపడలేదు. వాళ్ళమ్మ అదే ఆసుపత్రిలో నెలరోజులు పడి ఉన్నప్పుడు, వరండాలో ఆకలితో కూర్చున్న అతని చేతిలో ముక్కూ ముఖం తెలియని మనిషి ఎవరో అన్నం పొట్లం పెట్టి పోయాడు. ఆ అన్నం ఇప్పుడు తన చేతుల మీదుగా ఆగిపోతుందంటే అతనికి రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. అందుకే ఫ్లెక్సీ.

మందిరాల్లో పదిమంది చేరి కూర్చుంటే దాన్ని కూటమి అంటారు. స్త్రీల కూటమి, యవ్వనస్థుల కూటమి, ఉపవాస కూటమి. తాతల నాటి మాట. ఆ లెక్కన అన్నం పెట్టే ముగ్గురినీ సేవా కూటమి అన్నారు. మూడు పార్టీలు కలిసి అదే పేరు పెట్టుకుని రాష్ట్రాన్ని ఏలుతున్న సంగతి దేవదానానికి తెలియక కాదు, ఆ సమయానికి తట్టలేదు. పాత ప్రభుత్వం ఇంటింటికీ పింఛను పంచడానికి పెట్టిన వాలంటీర్లు, పోయిన ఉద్యోగాలు మళ్ళీ ఎప్పుడొస్తాయా అని ఇంకా ఎదురుచూస్తున్నారన్న సంగతీ తట్టలేదు. ఇక అజ్మతుల్లాకు తట్టేది ఒక్కటే, అక్షరాల సైజు.

"ఇంత మేటరు పెడితే కుక్క కూడా నిలబడి చదవదు మామా. ముఖ్యమైన ముక్క పెద్దగా కొడతా, ప్రభువు, ప్రేమ, సేవ ఇవన్నీ కింద సన్నగా వేస్తా. రంగు పసుపు పెడతా, దూరానికి బాగా కనపడతాది."

అలా గురువారం పొద్దున మందిరం గోడ మీద ఆటో అంత అక్షరాలతో వెలసింది: 'కూటమి వాలంటీర్లు కావలెను'. ప్రభువు, ప్రేమ, సేవ ఎక్కడున్నాయో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. దేవదానం ఫోను నంబరు మాత్రం ఎంత దూరానికైనా కనిపిస్తుంది.

కొట్టులో ఇంకా రెండో బేరం కాకముందే ఫోను మోగింది.

"అన్నా, జమ్మలమడుగు నుంచి మాట్లాడతాండా. వాలంటీర్లను తీసుకుంటాండారంట, నిజమేనా?"

దేవదానం చేతిలో చీర జారిపోయింది. పక్కింటివాడు రాని సేవకు జమ్మలమడుగు నుంచి మనిషా! "నిజమే తమ్ముడూ, నిజమే!"

"డిగ్రీ అడుగుతారా, ఇంటరు చాలునా?"

"చదువెందుకప్పా? సేవ చేయల్లని మనసుంటే చాలు."

అవతల మనిషి గొంతు తగ్గించాడు. "మనసంటే... సుమారుగా ఎంతన్నా?"

"వారానికి ఒక్క పూట. శుక్రవారం మధ్యాహ్నం."

"ఒక్క పూటేనా! మరి జీతం?"

దేవదానానికి పరవశం వచ్చేసింది. "జీతం పైనుంచి వస్తాది తమ్ముడూ."

"పైనుంచంటే అమరావతి నుంచా?"

"అమరావతి ఏపాటిది? ఇంకా పైనుంచి."

"ఓయమ్మా, ఢిల్లీ నుంచా!"

"పైనుండే ఆయన ఇచ్చేది మనం లెక్కబెట్టలేం తమ్ముడూ. నువ్వు వచ్చి చేరు" అన్నాడు దేవదానం. ఎదురుగా కూర్చున్నావిడ చిన్న బార్డరు చూపించమని గద్దించడంతో ఫోను పెట్టేశాడు.

ఆ మాట జమ్మలమడుగులో బస్సెక్కి పులివెందులలో దిగేసరికి పూర్తి పథకమై దిగింది. కేంద్రం పథకం. వారానికి పూట పని. చదువు అక్కరలేదు. జీతం ఎంతో లెక్కబెట్టడానికి వీల్లేనంత. ఇక ఫోను ఆగితే ఒట్టు. దేవదానం అందరికీ రమ్మనే చెప్పాడు, రమ్మన్నప్పుడల్లా కళ్ళు తుడుచుకున్నాడు. సుందరం ప్రార్థనకు ఇంత పవరుందని అతను కలలో కూడా అనుకోలేదు.

సాయంత్రం యజమానిని బతిమాలుకుని మందిరానికి పోయాడు. గేటు దాకా జనం. అందరి చేతుల్లో ఆధార్ జిరాక్సులు. లోపల వసంతమ్మ కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఎదురుగా ఎర్రగడ్డల గోతాం పెట్టుకుని మహారాణిలా కూర్చుని ఉంది.

"అమా, అప్లికేషను యాడ ఇయ్యల్ల?" అంటున్నాడొక పిల్లగాడు.

"అప్లికేషను సంగతి తర్వాత. ముందు కత్తి తీసుకోని ఈ ఎర్రగడ్డలు తరుగు."

ఇంకేం కావాలి? ప్రాక్టికల్ పరీక్ష అన్నారు. కండ్లలో నీళ్ళొస్తే ఫెయిలంట అని ఎవడో అంటించాడు. దాంతో మందిరం నిండా జనం ముక్కులు పైకెత్తి, గుడ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి ఎర్రగడ్డలు తరుగుతున్నారు. ఒకడైతే హెల్మెట్ పెట్టుకుని అద్దం దించేశాడు. "సన్నగా తరిగినావు నాయనా, బాగుంది" అని వసంతమ్మ మెచ్చుకున్నవాడు అక్కడికక్కడే ఇంటికి ఫోను చేసి, "మా, సెలక్టయినా!" అని అరిచాడు.

దేవదానానికి ఏదో తేడా కొట్టింది. కత్తి పట్టుకున్న ఒక అమ్మాయిని అడిగాడు. "ఏ సంఘం తల్లీ మీది?"

"సంఘం కాదన్నా, సచివాలయం. పులివెందుల నుంచి వచ్చినా. మొన్నటి దాకా మా వీధికి నేనే వాలంటీరు. పాతోళ్ళకే ముందు ఇస్తారా అన్నా?"

అప్పుడు తట్టింది. కూటమి, వాలంటీర్లు, పసుపు రంగు, ఢిల్లీ, అన్నీ వరసగా తట్టాయి. ఆ పిల్ల ముఖంలో ఆశ చూస్తుంటే తనను తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. నిజం చెప్పేద్దామని బల్ల ఎక్కబోతుంటే హేమలత చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏంది నువ్వు చేసేది? ఇప్పుడు చెప్తే అందరూ కత్తులు పడేసి పోతారు. రేపు ఆసుపత్రి కాడ జనానికి ఏం పెడతావు, ఫ్లెక్సీనా?"

"మోసం కదా హేమా?"

"రేపు అన్నం పెట్టినాక చెప్పు. పాపముంటే నా నెత్తిన వేసుకుంటాలే."

పాపం పంచుకోవడానికి పెళ్ళామే ముందుకొచ్చాక మొగుడు ఏమంటాడు? నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఎర్రగడ్డలు తరగకుండానే అతని కళ్ళు మండాయి.

శుక్రవారం పొద్దున అధికార కూటమి వార్డు నాయకుడు చెన్నకేశవులు మందిరానికి వచ్చాడు. గురువారమంతా ఊళ్ళో లేక జరిగినదేదీ తెలియని పాస్టరు ఎదురెళ్ళి కుర్చీ వేశారు.

"ఏమయ్యగారూ, కూటమి పేరు మీద నాకు తెలీకుండా మనుషుల్ని తీసుకుంటాండారంట?"

"కూటమి ఏమన్నా కొత్తదా అన్నా? మా తాత కాలం నుంచి నడుస్తాంది కదా."

"మీ తాత కాలం నుంచా? మొన్న ఎలక్షన్లకు ముందు కదా కలిసినారు!"

"లేదన్నా. మా కూటమికి పెద్ద ఒక్కడే. పైనున్నాడు."

"పైన ఎవరుండేది నాకూ తెలుసులేప్పా" అని చెన్నకేశవులు బయటికి పోయి పైవాళ్ళకు ఫోన్లు చేశాడు. పైవాళ్ళకు ఏమీ తెలియదు, కానీ తెలియదని ఒప్పుకోవడం వాళ్ళకు నామోషీ. "చూస్తాం, చేస్తాం" అన్నారు. రాజకీయాల్లో కాదని ఎవరూ అనలేదంటే అవుననే అర్థం. చెన్నకేశవులు తన మనుషులందరినీ రమ్మన్నాడు. ఒక్క పోస్టు కూడా బయటికి పోకూడదన్నాడు. ఆ సంగతి వినగానే అవతలి పార్టీ వార్డు నాయకుడు తిరుపాలు కూడా తన బలగంతో దిగాడు. "పాతోళ్ళను కాదని కొత్తోళ్ళను ఎట్ల పెడతారో చూస్తాం" అన్నాడు.

మధ్యాహ్నానికి పెద్దాసుపత్రి ముందు అన్నం తినేవాళ్ళ కంటే పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇక దాచడం దేవదానం వల్ల కాలేదు. సాంబారు గంగాళం పక్కన స్టూలు ఎక్కి రెండు చేతులూ జోడించాడు.

"అన్నలూ, అక్కలూ, తప్పు నాది. ఇవి గవర్నమెంటు పోస్టులు కావు. జీతమంటే నేను చెప్పింది దేవుడిచ్చేది. ఇది మా మందిరం వాళ్ళు అన్నం పెట్టే పని, అంతే. దుడ్లు రావు. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ ఈ అన్నం మాత్రం..." అని గంగాళం వైపు చేయి చూపించాడు.

ఇక తిట్టారు. కడప జిల్లా తిట్లు, కాగితం మీద పెట్టేవి కావు. హెల్మెట్ కుర్రాడైతే తను తరిగిన ఎర్రగడ్డలు తనకు ఇచ్చెయ్యమన్నాడు. సగం మంది ఛీ కొట్టి బస్టాండు దారి పట్టారు. పులివెందుల పిల్ల మాత్రం దేవదానాన్ని కింది నుంచి పైకి చూసింది.

"ఆడోళ్ళకు బస్సు ఫ్రీ కాబట్టి బతికిపోయినావన్నా, లేకుంటే నీ పని చెప్పేదాన్ని" అంది. చున్నీ నడుముకు బిగించి గంటె తీసుకుంది. "ఆ ముసలోళ్ళు ఎంతసేపని ప్లేట్లు పట్టుకోని నిలబడతారు, జరుగు."

చెన్నకేశవులు ఇదంతా విని పగలబడి నవ్వి, "పాండ్రా పోదాం" అని తన మనుషులతో వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే తిరుపాలు అన్నం బేసిన్ ఎత్తుకుని, పక్కవాడి సెల్‌ఫోన్ కెమెరాలోకి చూస్తూ మొదలుపెట్టాడు. "పేదోళ్ళను కూటమి వాళ్ళు నడిరోడ్డు మీద వదిలేసి పోతాండారు! మేముండాం! మేము వడ్డిస్తాండాం!"

చెన్నకేశవులు గిర్రున తిరిగొచ్చాడు. "ఎవుడ్రా వదిలేసి పోయేది? ఆ బకెట్ ఇట్ల తే!"

అంతే. ఒకరు గంటెడు వేస్తే ఇంకొకరు రెండు గంటెలు వేశారు. ఒకరు "పెద్దమ్మా, ఇంకొంచెం" అంటే ఇంకొకరు ఆమె కూర్చోవడానికి ఏకంగా కుర్చీ తెప్పించారు. చెన్నకేశవులు మజ్జిగ తెప్పిస్తే తిరుపాలు అరటిపండ్లు తెప్పించాడు. ఎవరు ముందు గంటె దించితే వాళ్ళు ఓడినట్టు. వద్దు మొర్రో అన్నవాళ్ళ ప్లేట్లలో కూడా అన్నం పడింది. అన్నాళ్ళలో ఆ గేటు ముందు అంత కడుపు నిండా ఎవరూ తినలేదు. ఒక మూల నిలబడి చూస్తున్న దేవదానానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వచ్చే వారం కూడా వస్తామని రెండు పార్టీలూ విడివిడిగా ప్రకటించాయి. ఒకరు వస్తుంటే ఇంకొకరు మానేదెట్లా?

వీడియోలు మందిరం వాళ్ళ ఫోన్లకు కూడా చేరాయి. ఆదివారం ఆరాధన అవడమే ఆలస్యం, సుందరం లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఇది మన సంఘం సేవ. బయటోళ్ళు వచ్చి ఎగరేసుకోని పోతాంటే మనం చూస్తా కూర్చోవల్లనా? మనోళ్ళకు ఒక్క బకెట్ కూడా లేదా?" వెనకాల సంఘమంతా లేచింది. ఎన్ని స్వస్థత కూటములు పెట్టినా కుదరని నడుములు ఆ ఒక్క పూటలో కుదిరిపోయాయి. పాస్టరు తల పట్టుకుని, చివరికి పంపకాలు చేశారు. అన్నం చెన్నకేశవులు మనుషులకు, మజ్జిగ తిరుపాలు మనుషులకు, సాంబారు సంఘానికి. వసంతమ్మ కుర్చీలోంచి లేవకుండానే అందరి మీదా పెత్తనం చేయసాగింది.

మరుసటి శుక్రవారం కొట్టులో బేరం తెగక దేవదానం కొంచెం ఆలస్యంగా ఆసుపత్రికి చేరాడు. అప్పటికే పని జోరుగా సాగుతోంది. అతను ఆత్రంగా చొక్కా చేతులు మడుచుకుని సాంబారు గంటె అందుకోబోయాడు. సుందరం బకెట్‌ను పక్కకు జరిపాడు.

"ఆగు బ్రదర్. ఈడ ఎవురి డ్యూటీ వాళ్ళకు వేసేసినారు. ఖాళీ లేదు."

"నేను సుందరమన్నా! ఇది మొదలుపెట్టిందే నేను కదా!"

"ఎవురు కాదన్నారు? ఐనా రూలు రూలే. నిన్న ఇంకా శానామంది డ్యూటీ కోసం వచ్చి అడిగి పోయినారు, వాళ్ళకేం చెప్పల్ల? మేమైతే ఏమీ చేయలేం, ఎవురన్నా పెద్దోళ్ళతో ఒక మాట చెప్పించు."

దేవదానం పులివెందుల పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల మజ్జిగ గ్లాసులు అందిస్తూ, తనదేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. హేమలత వైపు చూశాడు. ఆమెకు ప్లేట్లు కడిగేచోట ఎట్లనో ఒక పోస్టు దొరికింది, ఈ గొడవలో తలదూర్చి దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

ఒక్కరికి, ఒకే ఒక్కరికి ఒక గంటెడు సాంబారు పోయనిమ్మని దేవదానం ఇంకోసారి బతిమాలాడు. ఆ తర్వాత చొక్కా చేతులు కిందికి దించుకుని, సిఫార్సు కోసం చెన్నకేశవులు ఇంటికి బయలుదేరాడు.