అప్పులేని సంసారం

ఆ ఇంట్లో ఆ ఉదయం యుద్ధం టూత్‌పేస్టు ట్యూబు మీద జరిగింది. ఇల్లాలు దాన్ని కత్తెరతో నిలువునా కోసి, లోపల అంటుకున్నదంతా బ్రష్షుతో గీకి తీస్తోంది.

“నీలాంటివాళ్ల వల్లే దుకాణాలు మూతపడుతున్నాయి,” అన్నాడు భర్త. ఆయన దేశ ఆర్థిక వ్యవస్థ గురించి రోజూ పేపర్లో చదువుతాడు. సొంత పాసుపుస్తకం మాత్రం తెరవడు.

“మూతపడనివ్వండి. ఈ ఇల్లు అమ్మేస్తున్నామన్నారు ఓనరుగారు. రేపు ఖాళీ చేయమంటే సామానంతా నెత్తిన పెట్టుకుంటారా?”

ఆ ఇల్లు తామే కొనుక్కోవాలని ఆవిడ ఆశ. ఏళ్ల తరబడి ట్యూబులు కోసి, ఆటో ఎక్కాల్సిన చోట నడిచి దాచిన డబ్బు ధరలో ముప్పావు వంతుకు వచ్చింది. తక్కినదానికి ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు.

మేనేజరు కంప్యూటరులో వెతికి, చెడ్డ కబురు చెప్పబోయే డాక్టరులా కళ్లజోడు తీశాడు.

“మీకు ఎక్కడా అప్పే లేదామ్మా?”

“లేదండీ,” అంది గర్వంగా.

“అయ్యయ్యో! ఎగ్గొట్టినవాళ్లకైనా ఓ రికార్డుంటుంది. మీరు తీరుస్తారని ఎలా నమ్మమంటారు?”

“ఇన్నాళ్లూ మీ బ్యాంకులోనే దాచుకున్నాను కదండీ!”

“అది మీరు మమ్మల్ని నమ్మడం. మేం మిమ్మల్ని నమ్మొద్దూ?”

వాయిదాల మీద నాలుగు వస్తువులు కొని నమ్మకం సంపాదించుకోమని ఆయన దయతో సలహా ఇచ్చాడు. భర్త ఆ సలహాను తు.చ. తప్పకుండా పాటించాడు. నిలువెత్తు ఫ్రిజ్ వచ్చింది. నడక యంత్రం వచ్చింది. దాని మీద తువ్వాళ్లు చక్కగా ఆరుతున్నాయి. సోఫా వచ్చాక వీధి తలుపు సగమే తెరుచుకుంటోంది. అత్తగారు పక్కకు తిరిగి లోపలికొస్తూ, “కూర్చోడానికి వైభోగమేనే, నిలబడ్డానికే చోటు లేదు,” అంది.

జీతం చాలని వాయిదాలు ఇల్లాలు దాచిన డబ్బులోంచి వెళ్లాయి. ఆవిడ మీద బ్యాంకుకు గౌరవం మాత్రం నెలనెలా పెరిగింది. చివరికి ఖాతాదారుల సభలో మేనేజరు గద్గద స్వరంతో, “ఒకనాడు ఈ కుటుంబానికి చిల్లిగవ్వ అప్పు లేదు. అంతటి దీనస్థితి నుంచి పట్టుదలతో పైకొచ్చారు!” అన్నాడు. చప్పట్లు మోగాయి. బహుమతిగా చిల్లర దాచుకునే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త గొంతు సవరించుకున్నాడు.

“ఇంటికి అప్పిస్తామన్నారు! ముందుగా మన వాటా కట్టేస్తే చాలట.”

“మన వాటా మీద కూర్చునే మీరు రోజూ టీవీ చూస్తున్నారు,” అంది ఇల్లాలు పప్పు వడ్డిస్తూ. “ఇల్లు కొనట్లేదు. కొనే అర్హత వచ్చింది, అది చాలు. పొద్దున్నే వెళ్లి ఈ సామాను పట్టేంత పెద్ద ఇల్లు అద్దెకు చూడండి.”

“పెద్దిల్లంటే అడ్వాన్సు బోలెడు అడుగుతారే!”

“అప్పు తీసుకోండి. మనమిప్పుడు నమ్మకస్తులం.”