మా అక్క గీసిన మూడో గడి

ఒళ్లు దిట్టంగా ఉన్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, ఏటేటా వాళ్ల క్షేమం కనుక్కునే ఆఫీసు ఒక్కటి కూడా లేదు!

మా అక్కకు రెండున్నాయి. ఒకటి సాయం మంజూరు చేసేది, మరొకటి ఉద్యోగం వెతికిపెట్టేది. ఒకే వరండాలో ఎదురెదురు గదులు.

అక్క చేతులు చిన్నప్పటి నుంచీ భుజం దాకా లేవవు. బల్ల మీద ఆనించి పెన్సిలు పట్టిందంటే మాత్రం ఎవరి తప్పునైనా పట్టేస్తుంది. తల దువ్వుకోవడం, గుండీలు పెట్టుకోవడం, టిఫిన్ డబ్బా ఎత్తడం కుదరవు. అందుకని పొద్దున్నే ఓ గంట పిన్ని వస్తుంది. పిన్ని అంటే చుట్టం కాదు, సాయం ఆఫీసు పంపే మనిషి. చుట్టాల కంటే నయం, చెప్పిన టైముకు వస్తుంది.

ఆ ఆఫీసు ఏటా కొత్త డాక్టరు సర్టిఫికెట్ అడుగుతుందని కొందరు విసుక్కుంటారు. ఎందుకూ? ఏడాది గడిచింది, చేతులు మనసు మార్చుకుని ఉండొచ్చు కదా! మన గురించి ఇంత ఆశ పెట్టుకున్నవాళ్లు ఇంకెవరున్నారు?

పైగా వ్యక్తిత్వ వికాసం ఉచితం. ఎడమ గదిలో ఏమీ చేయలేనని చెప్పాలి. కుడి గదిలో అన్నీ చేయగలనని చెప్పాలి. మధ్యలో వరండా పది అడుగులు. పది అడుగుల్లో మనిషిని అంత ఎదిగేలా చేసే కోచింగ్ సెంటర్ ఎక్కడైనా ఉందా?

అందుకే పిన్ని దువ్వెన పట్టుకుని అడుగుతుంది. "ఏమ్మా, ఇవాళ సాయం జడా, ఇంటర్వ్యూ జడా?"

మొదటిది వదులుగా, పాయలు చెదిరి ఉంటుంది. రెండోది నున్నగా, బిగుతుగా ఉంటుంది. ఒకసారి ఒకే రోజు రెండు గదుల్లోనూ పని పడింది. పిన్ని ఓ పక్క చెదరగొట్టి, ఇంకో పక్క నున్నగా దువ్వి, "ఏ గదిలో ఏ చెంప తిప్పాలో గుర్తుపెట్టుకో తల్లీ" అని పంపింది.

మూడేళ్లు తిరిగాక అక్కకు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. శుక్రవారం సాయం ఆఫీసువాళ్లు పిలిచి కొత్త ఫారం ఇచ్చారు. ఏడో ప్రశ్న: పని చేయగలరా? ఎదురుగా రెండు గళ్లు. 'చేయగలను' అంటే పిన్ని రాదు. పిన్ని రాకపోతే అక్క గడప దాటలేదు. 'చేయలేను' అంటే ఎదురుగదివాళ్లు ఉద్యోగం రద్దు చేస్తారు.

ప్రూఫులు దిద్దే మనిషికి తప్పు కనబడితే చేయి ఊరుకోదు. అక్క పక్కన మూడో గడి గీసి, "పిన్ని వస్తే చేయగలను" అని రాసి టిక్ పెట్టింది.

గుమాస్తా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "అమ్మా, గళ్లు గీయడం మా పని. టిక్ పెట్టడం మీ పని."

"మీరు గీసిన రెండిట్లోనూ నేను లేను సార్."

"ఎక్కడో ఓ చోట సర్దుకోవాలి. నేను సర్దుకోవట్లేదూ?"

"మీకు కుర్చీ వేశారు కదా సార్. ఉద్యోగం వచ్చేసింది, ఇక కుర్చీ ఎందుకని లాగేశారా?"

గుమాస్తా కుర్చీని ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఉంది. ఆ ధైర్యంతో అడిగాడు. "ఇంట్లో ఎవరూ లేరా?"

"అమ్మ ఆరింటికే మిల్లు షిఫ్టుకు వెళ్లిపోతుంది."

అప్పుడు ఆయన కళ్లు అక్క వెనక నక్కిన నా మీద పడ్డాయి. "ఈ పిల్ల ఉందిగా."

"దానికి బడి ఉంది సార్."

"పొద్దున ఓ గంటేగా. ఏమ్మా, చేస్తావుగా?"

కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఆయన దాన్ని ఒప్పుకోలు కింద రాసుకుని, 'చేయగలను' అన్న గడిలో తనే టిక్ పెట్టేశాడు.

ఇప్పుడు చెప్పండి, ఇంత చురుకైన ఆఫీసు ఎక్కడైనా ఉందా? అక్క మూడేళ్లు వెతికితే దొరికింది ఉద్యోగం. నాకు అరనిమిషంలో, అడగకుండానే దొరికింది! దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు. జీతం కూడా లేదు కాబట్టి కోతల బాధ లేదు.

సోమవారం అక్కకు జడ వేసి, గుండీలు పెట్టి, డబ్బా మోసుకెళ్లి ప్రెస్సులో దింపాను. అక్క టైముకు చేరింది. నేను బడికి చేరేసరికి లెక్కల పీరియడ్ అయిపోయింది. ఆలస్యానికి కారణం రాసివ్వమంది టీచరు. 'ఉద్యోగం' అని రాశాను.

"చదువుకునే పిల్లవు, నీకు ఉద్యోగం ఏమిటి?" అంది ఆవిడ.

శుక్రవారం ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న అదొక్కటే.